ఆ ఏటి చేప, మా ఊరి దూది

మా నూలు సంఘంలో కొత్తగా చేరిన పిల్లలకు నన్ను చూపించి "ఈయన ఫ్రాన్సు వెళ్లొచ్చారు" అని చెబుతుంటారు. వాళ్లు వెంటనే ఆ ఇనుప గోపురం ఎలా ఉంటుందని అడుగుతారు. నేను దాన్ని చూడలేదు. రైలు కిటికీలోంచి మెడ చాచి చూసినా కనబడలేదు. నేను చూసింది ఒక నది, దాని ఒడ్డున ఒక చిన్న ఊరు, ఒక చేప తలకాయ. ఆ మాట వినగానే పిల్లల ముఖాల్లో ఉత్సాహం చల్లారిపోతుంది. అరనిమిషంలో చెప్పే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నేను పొందూరులో గోడౌన్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆడవాళ్లు వడికి, చుట్టలుగా చుట్టి తెచ్చిన నూలు చిలపలు తీసుకుని, పురుగు పట్టకుండా, తడి తగలకుండా దాచడం నా పని. పదో తరగతితో నా బడి ఆగింది గాని చదువు ఆగలేదు. సాయంత్రం గోడౌన్ తాళం వేసి నేరుగా శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ని. తెలుగు పుస్తకాలన్నీ అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. వాటిలో ఐరోపా నదుల గురించి ఒక లావుపాటి బొమ్మల పుస్తకం ఉండేది. రైల్వేలో పనిచేసిన పెద్దాయన ఎవరో ఇచ్చిపోయిందట. ముందు పేజీలు చెదలు తినేశాయి. మిగిలినదాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అందులో ఒక ఊరి గురించిన అధ్యాయమంటే నాకు ప్రాణం. ఆ ఊళ్లో పడవల తెరచాపల కోసం నార నేసేవాళ్ల వీధి ఒకటి ఉంది. మన గోగునారలాంటిదే ఏదో నార. గుమ్మాల్లో కూర్చుని దువ్వే ఆడవాళ్లు, మేడ మీద నుంచి వేలాడే నార కట్టలు, వీధి చివర ఏటిలోకి దిగే రాతి మెట్లు. అది చూసినప్పుడల్లా, 'మా వీధే, కాకపోతే చలిదేశంలో ఉంది' అనిపించేది.

అలాంటిది, ఒకరోజు మా కార్యదర్శి గారు మీటింగులో ఒక ఆహ్వానం వచ్చిందని చెప్పారు. ఫ్రాన్సులో ఏదో ఊళ్లో నూలు, నార పనివాళ్ల పండుగ చేస్తున్నారట. వాలుగ చేప దవడతో దూది దువ్వి నూలు వడికే మనిషి కావాలట. ఊరి పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, "ఇదెక్కడుందో ఎవరికైనా తెలుసా?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "తెలుసండీ. లాయిర్ నది ఎడమ గట్టున ఉంది. తెరచాపలకి ప్రసిద్ధి."

గది నిశ్శబ్దమైపోయింది. నా జీవితంలో అంత గొప్ప నిశ్శబ్దం మళ్లీ దొరకలేదు. ఇంగ్లీషు మాట్లాడటానికి నన్నే పంపాలని ఆ రోజే తేల్చేశారు. ఆ నది పేరు 'లువార్' అని పలకాలని అక్కడికి వెళ్లాకే తెలిసింది. నేనేమో స్టేషనులో 'లాయిర్' అంటుంటే, టికెట్లమ్మే అమ్మాయి వకీలు కావాలా అని అడిగింది.

వడకడానికి వచ్చింది మా అప్ప. తోడబుట్టింది కాదు. వీధిలో అందరూ అప్ప అంటారు కాబట్టి నేనూ అంటాను. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. మా దగ్గర నూలు వడికేముందు, గింజ ఇంకా లోపల ఉండగానే దూదిని దువ్వుతారు. దానికి దువ్వెన వాలుగ చేప కింది దవడ. దాని పళ్లు సూదుల్లా సన్నంగా, వెనక్కి వంగి, వత్తుగా ఉంటాయి. అలా దువ్విన దూదిలో పీచు పీచు పక్కన పడుకుంటుంది. ఆ తరువాతే గింజ తీయడం, దూదిని ఏకి మెత్తని ఏకులుగా చుట్టడం, వడకడం. మా నూలు సన్నదనమంతా ఆ పళ్లలోనే ఉంది.

చరఖాను పెట్టెలో సర్దాం. దూదిని సంచిలో కుక్కాం. దవడను మాత్రం అప్ప పసుపుగుడ్డలో చుట్టి, బొడ్డు సంచిలో పెట్టుకుంది. పెట్టెలో పెట్టమంటే, "నా సేతిలో పనిముట్టు ఆ సీకట్లో ఏటికి పడేస్తాను?" అంది.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆ సంచి తీసి మిషన్‌లో పెట్టారు. తెర మీద వరసగా పళ్లు కనబడ్డాయి. తనిఖీ చేసే అమ్మాయి గుడ్డ విప్పి, కెవ్వుమని వెనక్కి దూకింది. చుట్టూ జనం. ఏమిటిదని అడిగితే, నాకున్న ఇంగ్లీషులో "చేప నోరు" అన్నాను. ఆ మాటతో అక్కడున్న మిగతా సిబ్బంది కూడా వచ్చేశారు.

"ఇటిచ్చేయమ్మా, కరవదది," అంది అప్ప. "సచ్చి సానా రోజులైంది."

ఎంత చెప్పినా వినలేదు. మా కళ్లెదుటే దవడను చెత్తడబ్బాలో వేశారు.  అప్ప విమానంలో ఖాళీ బొడ్డు సంచి తడుముతూ కూర్చుంది. చివరికి, "ఏటికెల్తన్నాం తమ్ముడూ మనం? సేతులింటికాడ ఒగ్గేసి మనిసొక్కడూ ఎల్తన్నట్టున్నాది," అంది. దవడ లేకపోతే వడకడానికి కూర్చోనని కూడా అప్పుడే చెప్పేసింది.

మాతో ప్రభుత్వం తరఫున ఒక కుర్ర అధికారి వచ్చాడు. మంచివాడే. కాని ఇలాంటివాటికి కంగారుపడే మనిషి కాదు. "చరఖా ఉంది, దూది ఉంది, అమ్మగారు ఉన్నారు. ఇంకేం కావాలండీ?" అన్నాడు.

ఆ ఊళ్లో మధ్యాహ్నం రైలు దిగాం. మధ్యాహ్నప్పూట మా జిల్లాలో నరసన్నపేట బజార్లో కాలు పెట్టే సందుండదు. ఇక్కడ ఒక్క మనిషి లేడు. తెల్లరాతి ఇళ్లు, పైన నల్లరాతి పలకల కప్పులు, కిటికీలన్నిటికీ చెక్క తలుపులు బిగించి ఉన్నాయి. రొట్టెల కొట్టు కూడా మూసి ఉంది.

అప్ప గొంతు తగ్గించి, "ఏటి తమ్ముడూ, ఊల్లో ఎవలైనా పోనారేటి?" అంది.

భోజనం వేళ అక్కడ ఊరు మొత్తం అలాగే మూసేస్తారట.

నది మాత్రం నన్ను పలకరించినట్టే ఉంది. వేసవి నాగావళిలాగా నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. తిన్నెల మీద తెల్లపిట్టలు. గట్టంతా రాళ్లు పరిచి ఏటవాలుగా నీళ్లలోకి దించారు. పాత రోజుల్లో పడవలు అక్కడే ఆగేవి. ఒక గోడ మీద, వరద ఏ ఏడు ఎంత ఎత్తు వచ్చిందో గీతలు చెక్కి ఉన్నాయి. పై గీతకు నా తల అందలేదు. అప్ప మెడ ఎత్తి చూసి, "ఓలమ్మ! ఇంతెత్తా? ఇంకా ఈడే ఉన్నారా ఈల్లు?" అంది. మా వంశధార ఒడ్డువాళ్లను కూడా అందరూ అదే అడుగుతారు.

మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నది ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ. డెబ్బై దాటాయి. నిటారుగా నడుస్తుంది. మాట ఆచితూచి మాట్లాడుతుంది. కాఫీ ఇచ్చి, ఊళ్లో ఏమైనా చూడాలనుందా అని అడిగింది.

నా చదువు చూపించుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉంటుందా? తెరచాపల వీధి చూడాలన్నాను. అంతటితో ఆగలేదు. వీధి మొదట్లో వంపు తిరిగిన ద్వారం ఉంటుందనీ, ఎడమవైపు మూడంతస్తుల ఇంటికి చెక్క దూలాలు బయటికే కనబడతాయనీ, చివర మెట్లు ఉంటాయనీ వర్ణించాను. కాలు పెట్టని ఊరి గురించి ఇంత తెలిసినవాణ్ని ఆమె చూసి ఉండదని నా నమ్మకం.

ఆమె కప్పు కింద పెట్టింది.  కోటు వేసుకుని, రమ్మని సైగ చేసింది.

రెండు సందులు తిరిగాక ఒక చోట ఆగింది. కార్లు నిలిపే స్థలం అది. దాని వెనక సిమెంటు ఇళ్లు ఒకే తీరుగా, ఒకే రంగులో వరసగా ఉన్నాయి. నేను అటూ ఇటూ చూశాను. దారి తప్పామేమో అనుకున్నాను.

"ఇదే," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు చెప్పింది. యుద్ధంలో జర్మన్ సైన్యం వస్తోందని జనమంతా నది దాటి పారిపోతుండగా, వంతెన మీద బాంబులు వేశారు. వంతెనతోపాటు ఈ వీధి కూడా అంటుకుంది. నార నిండిన ఇళ్లు కదా, ఆర్పడం ఎవరి తరమూ కాలేదు. వాళ్లమ్మ పుట్టింది ఆ మూడంతస్తుల ఇంట్లోనే. అప్పటికి పెళ్లికాని పిల్ల. ఒంటి మీది బట్టలతో బయటపడింది. "మీరు చెప్పిన ద్వారం నేను ఎప్పుడూ చూడలేదు," అంది. "ఎడమవైపు ఇల్లని మా అమ్మ కూడా అనేది."

 గుమ్మాల్లో కూర్చున్న ఆ ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ముఖాలు తెలుసు. ఏళ్ల తరబడి, మా గ్రంథాలయం బెంచీ మీద కూర్చుని, వాళ్లు ఇంకా అక్కడే దువ్వుతున్నారని నమ్మాను. నేను పుట్టకముందే ఆ వీధి బూడిదైపోయింది. పుస్తకం యుద్ధానికి ముందు అచ్చయింది. ఆ సంగతి చెప్పే పేజీలను చెదలు తిన్నాయి. ఆమె వాళ్లమ్మ ఇంటిని ఆమెకే వర్ణించి చెప్పాను.  పుస్తకం ఏ సంవత్సరం అచ్చయిందో చూడకుండా దేన్నీ నమ్మకండని పిల్లలకు ఈ మధ్య చెబుతుంటాను. వాళ్లు ఫోన్లో చదువుతారు కాబట్టి, సరే అంటారు.

"ఏటంతంది?" అని అప్ప అడిగింది. చెప్పాను.

అప్ప ఆ సిమెంటు ఇళ్లకేసి చూసింది. "నూలు, నార ఉన్నకాడ నిప్పంటే అంతేర," అంది. తరువాత టీచరమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. అలాగే నిలబడ్డారు.

తిరిగి వచ్చేటప్పుడు, ఆ మంటల్లో మిగిలిన ఒక్క వస్తువు ఊరి మ్యూజియంలో ఉందని టీచరమ్మ చెప్పింది. మా దవడ సంగతి నేను ముందే చెప్పి ఉన్నాను. దాని బదులు పనికొస్తుందేమో చూడమని తీసుకెళ్లింది. గాజుపెట్టెలో ఒంటరిగా ఉన్న ఇనుప దువ్వెన అది. చెక్క మీద దిగ్గొట్టిన మేకుల్లాంటి పళ్లు, ఒక్కొక్కటి జానెడు పొడుగు. గాజుపెట్టె తెరిపించి అప్ప చేతికిచ్చారు. అప్ప బొటనవేలితో ఒక పన్ను తాకి, భద్రంగా తిరిగి ఇచ్చేసింది.

"దూది దువ్వడానికి కాదమ్మా ఇది. ఎలుగొడ్డుని దువ్వొచ్చు."

ఆ సాయంత్రం అధికారి తన ఆలోచన బయటపెట్టాడు. పట్నంలో మిల్లు ఏకులు దొరుకుతాయి, అవి తెప్పిస్తాను, అమ్మగారు చరఖా ముందు కూర్చుని అవే వడికితే సరిపోతుంది, చూసేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది అన్నాడు.

అప్ప కోపం తెచ్చుకోలేదు. "బాబూ, దవడతో దువ్విన నూలు సూపిత్తారని కదేటి ఈల్లని కూకోబెడతన్నారు? దువ్వకండా కూకుంటే నాను వడికినట్టా, నాటకమాడినట్టా?"

"అలా కాదమ్మా..."

"నాటకానికైతే నా కన్నా బాగా ఆడీవోలున్నారు. ఆలని తెచ్చుకోవలసింది."

మర్నాడు గడిస్తే ఆ పై రోజు పండుగ. అప్ప కూర్చోకపోతే పొందూరు పేరు రాసిన బల్ల ఖాళీగా ఉంటుంది. కూర్చుంటే అబద్ధం అవుతుంది. నాకు ఏ దారీ తోచలేదు. అప్పను కూర్చోమని గాని, వద్దని గాని అనే ధైర్యం నాకు లేదు.

తెల్లారి అప్పను తీసుకుని ఏటి గట్టుకు వెళ్లాను. వాలు గట్టు కింద ఒక ముసలాయన, కాళ్లకు రబ్బరు బూట్లతో, నీళ్లలోంచి ఏదో లాగుతున్నాడు. మొదట దుంగ అనుకున్నాను. దుంగ తోక కొట్టింది. నా కంటే పొడుగైన చేప! పొలుసు లేదు. బల్లపరుపు తలకాయ, పొడుగాటి మీసాలు, ఒక పిల్లవాడు పట్టేంత నోరు. నేను వెనక్కి రెండడుగులు వేసి, తడిరాయి మీద జారి కూలబడ్డాను.

"ఓలమ్మోలమ్మో! సేపా, మొసలా?" అని అప్ప అరిచింది.

కూలబడ్డవాణ్ని అక్కడే కూర్చుని ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చింది. అదే గ్రంథాలయంలో చేపల మీద మరో పుస్తకం ఉంది. దీనికి మాత్రం అట్ట, పేజీలు అన్నీ సరిగా ఉన్నాయి. వాలుగ మీసాల చేపల జాతిదనీ, ఆ జాతిలో ఐరోపా నదుల్లో బతికే మహాకాయం ఒకటి ఉందనీ అందులో చదివాను.

"అప్పా, ఇది వాలుగకి దాయాది!"

"నీకు పిచ్చెక్కినాదేటి? వాలుగెక్కడ, ఈ రాకాసెక్కడ?"

"నోట్లో చెయ్యి పెట్టి చూడు."

"నువ్వెట్టు. పుస్తకం సదివినోడివి నువ్వు."

ముసలాయన మా గొడవ చూసి నవ్వుతూ, చేప నోరు తనే తెరిచి పట్టుకున్నాడు. అప్ప బొటనవేలు లోపలికి పెట్టి కింది దవడ మీద నెమ్మదిగా జరిపింది. ఆమె ముఖం మారిపోయింది. మళ్లీ జరిపింది. ముల్లు ముల్లు, వత్తుగా, వెనక్కి వంగి.

"ఉన్నాయిరా," అంది గుసగుసగా.

ఆ తలకాయ ఎందుకో ముసలాయనకు చెప్పడానికి టీచరమ్మను పిలుచుకు రావలసి వచ్చింది. ఆ చేపను అక్కడ పెద్దగా తినరు. అది తమ నదిది కాదట, ఎక్కడి తూర్పు నదుల నుంచో వచ్చి చేరి, ఉన్న చేపలన్నిటినీ మింగేస్తోందట. తలకాయ ఏం ఖర్మ, మొత్తం తీసుకుపొమ్మన్నాడు. తల నరికి, దవడను రంపంతో కోసి ఇచ్చాడు.

తరువాత జరిగింది తలుచుకుంటే ఆ టీచరమ్మకు దండం పెట్టాలనిపిస్తుంది. మల్లెపువ్వులాంటి ఆమె వంటింట్లో, ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నెలో, ఉప్పునీళ్లు పోసి అప్ప దవడను ఉడకబెట్టింది. నీచు వాసన మేడ మీదికి ఎక్కి, వీధిలోకి దిగింది. అధికారి రుమాలు ముక్కుకు పెట్టుకుని హోటలుకు పోయాడు. టీచరమ్మ కిటికీలన్నీ తెరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది గాని వద్దనలేదు. అప్ప కండ గీకి, చలిమంట గూట్లోని బూడిదతో తోమి, దవడను కిటికీ మీద ఎండబెట్టింది. పక్కింటి పిల్లి ఆ రోజంతా మా ఇంటిముందు నుంచి కదల్లేదు.

పండుగ నాడు ఊరి సంత జరిగే మండపం కిటకిటలాడింది. ఆ ఊళ్లో ఇంతమంది ఉన్నారా అని విస్తుపోయాను. అప్ప పొందూరు పంచె ఒకటి నేలమీద పరిచి కూర్చుంది. దవడ ముక్కతో దూది దువ్వడం మొదలుపెట్టింది. సర్రు సర్రుమని చప్పుడు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. గింజ తీసింది, ఏకింది, చరఖా తిప్పింది. నూలు వచ్చింది.

తెగింది.

ముడివేసి మళ్లీ తిప్పింది. మళ్లీ తెగింది. పెద్ద చేప కదా, పళ్లు లావు. పళ్ల మధ్య సందులెక్కువ. పీచు మా వాలుగ దువ్వినంత సాపుగా పడుకోలేదు. అప్ప ఏకు పట్టు మార్చి, చరఖా వేగం తగ్గించి, కొంచెం లావుగా వడికింది. అప్పుడు నిలిచింది. ఓపిగ్గా ఒక చిన్న చిలప పూర్తిచేసింది. జనం చప్పట్లు కొట్టారు. అధికారి ముఖం వెలిగిపోయింది.

అప్ప చెయ్యి ఎత్తి వాళ్లను ఆపింది. "తమ్ముడూ, ఈలకి సెప్పు. ఇది మా నూలు కాదని సెప్పు. మాది ఇంత లావుండదు. ఇన్నిసార్లు తెగదు."

అధికారి నా చెవి దగ్గరికి వంగాడు. "అదంతా ఎందుకండీ ఇప్పుడు? ప్రపంచ ప్రసిద్ధ పొందూరు నూలు అని చెప్పండి. చాలు."

ఎదురుగా ఊరంతా నిలబడి ఉంది. ముందువరసలో టీచరమ్మ. నేను గొంతు సవరించుకుని, అప్ప అన్నది అన్నట్టు చెప్పాను. టీచరమ్మ దాన్ని వాళ్ల భాషలో చెప్పింది.  జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

టీచరమ్మ ముందుకు వచ్చి చిలపను చేతిలోకి తీసుకుంది. మ్యూజియంలో ఆ ఇనుప దువ్వెన పక్కన పెట్టుకోవడానికి దీన్ని ఇస్తారా అని అడిగింది. కింద పొందూరు అని రాయిస్తామంది.

"ఇత్తాను గాని ఆ పేరొద్దు," అంది అప్ప.

అధికారి ఇక ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, విదేశంలో మ్యూజియంలో మన ఊరి పేరు! అలా కాదంటారేంటి?"

"మన పేరెట్టాలంటే మన నూలుండాల కదేటి బాబూ. దూది మనది. సేప ఆలది, నీల్లు ఆలవి, పొయ్యి ఆలది, బూడిద ఆలది. ఈ ఊల్లో పుట్టిన నూలిది. ఈ ఊరి పేరే ఎట్టమను."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. టీచరమ్మ దాన్ని తన వాళ్లకు చెప్పలేకపోయింది. మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. వీధి గురించి చెప్పినప్పుడు కూడా చెమ్మగిల్లని ఆమె కళ్లు ఇప్పుడు తడిశాయి.  ఆ వీధి కాలిన తరువాత ఈ ఊళ్లో ఒక చిలప తయారవడం ఇదే మొదలని ఆమె ముఖం చూశాకే నాకు తట్టింది. చివరికి చేప ఇచ్చిన ముసలాయన ఎవరినో అడిగి ఒక అట్టముక్క తెచ్చి ఇస్తే, ఆమె దాని మీద రాసి, చిలపకు కట్టింది.

అప్పకు చదువు రాదు. నా మోచేతిని పొడిచింది.

"ఏటి రాసింది?"

"ఊరి పేరు."

"మనదా, ఆలదా?"

"వాళ్లదే."

"మరైతే సరే," అని అప్ప మిగిలిన దూదిని సంచిలోకి ఎత్తుకుంది.